టెన్షన్ మీద రౌడీషీట్ తెరవండి

పోలీసుల మానసిక ఆరోగ్యం గురించి ఈ మధ్య పెద్దలందరూ మాట్లాడుతున్నారు. సంతోషమే. కానీ ఈ పనిని డాక్టర్లకు అప్పగించడం నాకు బొత్తిగా నచ్చలేదు. హైదరాబాద్ పోలీసులకు రౌడీలను దారికి తేవడం వచ్చు. టెన్షన్ కూడా ఒక రౌడీయే అనుకుని షీట్ తెరిచి, బుద్ధిగా ఉంటానని పూచీకత్తు రాయించుకుని బైండోవర్ చేసి, అప్పటికీ బుద్ధి రాకపోతే నగర బహిష్కరణ వేస్తే సరిపోతుంది. యోగా చాపల ఖర్చు కూడా మిగులుతుంది.

ముందు కేసు కట్టాలి. ఏ స్టేషన్‌లో కట్టాలన్నదే చిక్కు. ఈ టెన్షన్ అబిడ్స్‌లో పుట్టి, కూకట్‌పల్లి సిగ్నల్ దగ్గర ముదిరి, ఉప్పల్‌లో ఇల్లు చేరాక భార్యాపిల్లల మీద బయటపడుతుంది. ఎవరిని అడిగినా ‘మా లిమిట్స్ కాదు’ అంటారు. 2024 జూలై 1న కొత్త చట్టం వచ్చింది కాబట్టి లిమిట్స్‌తో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకోవచ్చు. రాసే రైటర్‌కు ముందు కాస్త నిద్ర ఉండాలి, అంతే.

ఫిర్యాదు ఎవరిస్తారు? కానిస్టేబుల్ ఇవ్వలేడు. అనుమతి లేకుండా సంఘం పెట్టడానికి, పత్రికలతో మాట్లాడడానికి వీల్లేకుండా 1966లోనే చట్టం చేశారు. అందుకే 2024 అక్టోబర్‌లో స్పెషల్ పోలీస్ కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. తమ భర్తలను నెలల తరబడి ఊళ్లు తిప్పొద్దని, రాష్ట్రమంతా ఒకే పోలీసు విధానం ఉండాలని అడిగారు. వాళ్లను ఆపడానికి పంపింది కూడా పోలీసులనే. ఆ తర్వాత కొందరు కానిస్టేబుళ్లు సస్పెండయ్యారు. ఫిర్యాదు చేసినవాళ్ల మీద చర్య ఇంత చురుగ్గా ఉన్నప్పుడు, నిందితుడి మీద ఇంకెంత చురుగ్గా ఉంటుందో!

నిందితుడు ఎవరంటే పాత నేరస్తుడే. పోలీసు అధికారి ఎల్లప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క అని 1861 పోలీసు చట్టంలోని 22వ సెక్షన్ చెబుతుంది. సిపాయిల తిరుగుబాటుతో దడుచుకున్న దొరలు రాసుకున్న చట్టమది. అప్పట్లో హైదరాబాద్ నిజాం ఏలుబడిలో ఉండేది, నగర పోలీసులకు తర్వాత నిజాం క్యాలెండర్ లెక్కన 1348 ఫసలీలో, అంటే 1938-39 ప్రాంతంలో, వేరే చట్టమే వచ్చింది. అయినా దొరల ఆ ఒక్క ఆలోచన మాత్రం పొలిమేర దాటి వచ్చి, ఇక్కడే ఆధార్ కార్డు కూడా తీసుకుంది.

సాక్ష్యాలకు కొదవ లేదు. మన పోలీసులు సగటున రోజుకు 14 గంటలు పని చేస్తున్నారని, ఇద్దరిలో ఒకరికి వారానికి ఒక్క సెలవు కూడా లేదని కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 2019లో దేశవ్యాప్త నివేదిక ఇచ్చాయి. అంత దూరం ఎందుకు, 2022 ఆగస్టులో బంజారాహిల్స్‌లో ప్రారంభమైన కమాండ్ కంట్రోల్ సెంటర్ ఉంది కదా. లక్డీకాపూల్‌లో కానిస్టేబుల్ ఆవలిస్తే అక్కడి తెర మీద కొండనాలుక దాకా కనిపిస్తుంది. ఆ ఫుటేజీని మెమో ఇవ్వడానికి కాకుండా సాక్ష్యంగా వాడొచ్చన్న ఆలోచన ఇంకా ఎవరికీ తట్టినట్టు లేదు.

ఇక విచారణ. కౌన్సెలర్ వస్తారు, హాజరు తప్పనిసరి. నైట్ డ్యూటీ దిగినవాళ్లను అటునుంచి అటే హాల్లో కూర్చోబెడతారు. ముందు వరుసలో సీఐ, పక్కన ఎస్ఐ. ‘మీ మనసులోని బాధ ధైర్యంగా చెప్పుకోండి’ అంటారు కౌన్సెలర్. ‘ఏం లేదు మేడం, మంచిగనే ఉన్నం’ అని హాలంతా ఒకే గొంతుతో చెబుతుంది. పరేడ్‌లో కూడా అంత లయ కుదరదు. నిద్ర పట్టడం లేదని ఒక్కడు నోరు జారితే సాయంత్రానికి చేతిలో తుపాకీ ఉండదు, మర్నాటికి పిచ్చాసుపత్రి పేరు మీద ‘ఎర్రగడ్డ కేసు’ అన్న పేరు ఉంటుంది. ప్రభుత్వం వారి 14416 టెలిమానస్ నంబరుంది, ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. చెవి దగ్గర వైర్‌లెస్ సెట్ అరుస్తుండగా చేయడమెలాగో కూడా చెబితే బాగుండేది.

మహిళా కానిస్టేబుళ్లకైతే కౌన్సెలింగ్ కన్నా ముందు పికెట్ దగ్గర ఒక టాయిలెట్ కావాలి. అది లేక పొద్దుటినుంచి మంచినీళ్లు మానేసి నిలబడతారు. దీనికి ధ్యానంలో ఏ ఆసనం ఉందో నాకైతే తెలియదు.

అసలు ఉదాహరణ గణేష్ నిమజ్జనం. బాలాపూర్‌లో లడ్డూ వేలం పాట మొదలవకముందే డ్యూటీ ఎక్కిన కానిస్టేబుల్, చార్మినార్, మొజంజాహి మార్కెట్ దాటి చివరి విగ్రహం హుస్సేన్‌సాగర్ చేరేదాకా దిగడు. మధ్యలో ఒక రాత్రి గడిచిపోతుంది. పులిహోర ప్యాకెట్ వస్తుంది, వచ్చేసరికి పులుపు ఒక్కటే మిగులుతుంది. అదే రోజు జులూస్‌లో ఫోన్ కొట్టేసిన దొంగ ఉన్నాడనుకోండి, వాణ్ని మేజిస్ట్రేట్ ముందు పెట్టకుండా 24 గంటలకు మించి ఉంచుకోకూడదు. రాజ్యాంగం 22వ అధికరణం ఆ మాట చెబుతోంది. చూశారా, దొంగకూ 22, పోలీసుకూ 22. అంకె ఒక్కటే, ఫలితం మాత్రం దొంగకే.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. వీక్లీ ఆఫ్ ప్రకటనలు, ఒత్తిడి నివారణ వర్క్‌షాపులు పక్కన పెట్టి, పోలీసులను కూడా దొంగలతో సమానంగా చూడాలి. 24 గంటలు దాటి డ్యూటీలో ఉన్న ప్రతి కానిస్టేబుల్‌నూ నాంపల్లి కోర్టులో హాజరుపరచాలి. జడ్జి గారు బెయిలిస్తే ఇంటికెళ్లి పడుకుంటాడు, రిమాండ్ చేస్తే చంచల్‌గూడ జైల్లో పడుకుంటాడు. ఎటూ నిద్ర ఖాయం.

ఈ మాట ఒక రిటైర్డ్ ఏఎస్ఐ గారితో అంటే ఆయన తల అడ్డంగా ఊపారు. ‘కుదరదు సార్. కోర్టుకు తీసుకుపోవాలంటే ఎస్కార్ట్ పెట్టాలి. ఎస్కార్ట్‌కు ఇంకో ఇద్దరు కానిస్టేబుళ్లు కావాలి. వాళ్ల ఆఫ్ క్యాన్సిల్ చేయాలి.’