నిప్పు పెట్టనంత వరకూ హెంపే

తెనాలి నుంచి మా ఇంటికి, డాలస్‌కి, ఆర్నెల్లు ఉందామని వచ్చిన మా పిన్ని రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు అంది. అంతే, ఆమె చేసిన నేరం అదొక్కటే. నేను ఆఫీసులో ఉన్నాను, మా ఆవిడ పాలకని బయల్దేరుతూ ఈమెని కూడా తీసుకెళ్లింది, గ్యాస్ స్టేషన్ పక్కన షాపులో కౌంటర్ దగ్గరున్నది మన తెలుగు కుర్రాడే, "ఆంటీ ఇది హెంప్, పూర్తిగా లీగల్, మొక్క నుంచి వచ్చిందే" అని 35 డాలర్లు తీసుకుని పుచ్చకాయ రుచి గమ్మీల, అంటే జెల్లీ బిళ్లల, డబ్బా చేతిలో పెట్టాడు.

మొక్క నుంచి వచ్చిందే అంట. గన్నేరు పప్పు ఏమన్నా ఫ్యాక్టరీ నుంచి వస్తుందా?

పిన్ని ఒకటి వేసుకుంది. ముప్పావుగంటైనా ఏం కాలేదు. ఇలాంటివి తింటే ఎక్కడానికి గంటా రెండు గంటలు పడుతుందని ఆమెకేం తెలుసు, "ఇక్కడ మందులు కూడా చప్పగానే ఉంటాయి" అని ఇంకో రెండు వేసుకుంది. తర్వాత గ్లాసుడు పాలు మైక్రోవేవ్‌లో పెట్టి, రెండు నిమిషాలు నొక్కి, దాని ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను తలుపు తీసుకుని లోపలికి రాగానే, "ఒరేయ్, ఈ రెండు నిమిషాలు ఎన్ని రోజుల నుంచి నడుస్తున్నాయిరా" అని అడిగింది. లోపల గ్లాసు తిరుగుతుంటే ప్రదక్షిణం లెక్కపెడుతున్నట్టు వేళ్లు మడుస్తోంది, పదకొండు దగ్గరికి రాగానే మళ్లీ ఒకటి. టింగుమని ఆగిపోయింది. "అయ్యో పాపం, దాని పని అయిపోయింది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మళ్లీ రెండు నిమిషాలు పెట్టాం, ఏం చేస్తాం మరి, ఆ పాలు అలా నాలుగుసార్లు మరిగాయి.

పాయిజన్ కంట్రోల్ వాళ్లకి ఫోన్ చేస్తే డబ్బా మీద ఏముందో చదవమన్నారు. డెల్టా 8 టీహెచ్‌సీ, అంటే గంజాయిలో మత్తెక్కించే పదార్థానికి తమ్ముడు. కనిపెట్టుకుని ఉండండి, మంచినీళ్లు తాగించండి, ఊపిరి సరిగా ఆడకపోయినా లేపితే లేవకపోయినా వెంటనే 911 చెయ్యండి అన్నారు. హెంప్ అంటే ఏంట్రా అని పిన్ని అడిగితే, మన పేపర్లన్నీ జనపనార అనే కదా రాస్తాయి, నేనూ నోరుజారి అదే చెప్పాను, గంజాయి జాతి మొక్కే అనాల్సింది. "అంటే నేను గోనెసంచి తిన్నానా" అని గంటసేపు నవ్వింది.

మర్నాడు డబ్బా పట్టుకుని షాపుకి వెళ్లాను. మనవాడు ఏమాత్రం కంగారు పడలేదు, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో సర్‌లా మొదలెట్టాడు. "అన్నా, గంజాయిలో ఉండేది డెల్టా 9, ఇది డెల్టా 8, డబుల్ బాండ్ ఒక్క కార్బన్ పక్కకి జరిగింది అంతే, చట్టంలో రాసింది తొమ్మిది గురించే." ఇంటర్‌లో మాకు ఐసోమర్లు చెప్పిన లెక్చరర్‌కి ఈ సంగతి తెలిసుంటే ఉద్యోగం మానేసి టెక్సస్ వచ్చేసేవాడు. మొక్కలో డెల్టా 8 ఉండేదే పిసరంత. హెంప్‌లోంచి తీసిన, మత్తెక్కించని సీబీడీ అనే పదార్థాన్ని తెచ్చి, సాల్వెంట్లో యాసిడ్‌తో కలిపి ఉడికిస్తే అది డెల్టా 8 అవుతుంది, దాంతోపాటు ఇంకేమేం అవుతాయో ఆ ఉడికించినవాడికే తెలియాలి. దీన్ని మా పిన్నికి 'మొక్క నుంచి వచ్చిందే' అని అమ్మారు. ఆ లెక్కన పెట్రోలు కూడా ఎప్పటిదో సముద్రపు నాచు నుంచి వచ్చింది కదా తమ్ముడూ, ఒక గ్లాసు తాగుతావా?

ఆ పక్క అరలో టీహెచ్‌సీఏ మొగ్గలు. చూపుకి గంజాయి, వాసనకి గంజాయి. కానీ పేరు చివర 'ఏ' ఉంది, అంటే ఇంకా యాసిడ్ రూపంలోనే ఉంది, మత్తు లేదు. వెలిగిస్తే ఆ వేడికి అచ్చమైన డెల్టా 9 అవుతుంది. అంటే అగ్గిపుల్ల గీసే ముందు వరకూ వ్యవసాయ ఉత్పత్తి, గీశాక మాదకద్రవ్యం, మధ్యలో ఆ అర సెకను ఏ డిపార్ట్‌మెంట్ కిందికి వస్తుందో మరి.

ఇదంతా అమెరికా వాళ్ల 2018 ఫార్మ్ బిల్లు, అంటే వ్యవసాయ చట్టం, చలవ. ఎండు బరువులో డెల్టా 9 టీహెచ్‌సీ 0.3 శాతం మించకపోతే అది హెంప్, మించితే గంజాయి. ఈ 0.3 ఎక్కడిదంటే, 1976లో ఒక కెనడా వృక్షశాస్త్రజ్ఞుడు, ఆయన పేరు ఎర్నెస్ట్ స్మాల్, మొక్కల్ని వర్గీకరించడానికి ఎక్కడో ఒకచోట గీత గియ్యాలి కాబట్టి గీసిన గీత. ఇదేం శాస్త్రీయం కాదని ఆయనే ఒప్పుకున్నాడు. ఆకులకి గీసిన ఆ గీతని తెచ్చి మిఠాయికి పెట్టారు. 5 గ్రాముల గమ్మీలో 0.3 శాతం అంటే 15 మిల్లీగ్రాములు. గంజాయి లైసెన్స్ ఇచ్చి మరీ అమ్మే కొలరాడోలో ఒక మోతాదే 10. ఇంకాస్త కావాలా, ఇంకాస్త పంచదార పాకం పొయ్యి, గమ్మీ బరువు పెరుగుతుంది, మత్తుకి కోటా పెరుగుతుంది. పాలల్లో నీళ్లు కలిపేవాళ్లని ఇన్నాళ్లూ తిట్టుకున్నాం, పాపం అమాయకులు.

ఆ బిల్లులో హెంప్‌ని దగ్గరుండి పెట్టించింది కెంటకీ సెనేటర్ మిచ్ మెకానెల్, పొగాకు రైతులకి ఇంకో పంట దొరుకుతుందని, సంతకం కూడా హెంప్‌తో చేసిన పెన్నుతోనే పెట్టాడు. ఏడేళ్లకి ఆయనే, అబ్బే నేనన్నది ఇది కాదు అని, ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డ 43 రోజుల షట్‌డౌన్‌ని ముగించిన బిల్లులో ఇంకో సవరణ పెట్టించాడు. 2025 నవంబర్ 12న సంతకమైంది, ఏడాది గడువు. ఇక మొత్తం టీహెచ్‌సీ లెక్కే, ఏ తోక ఉన్నా సరే, యాసిడ్‌లో ఉడికించినవి లేవు, డబ్బా మొత్తానికి 0.4 మిల్లీగ్రామే. అంటే మనవాడి షాపులో సగం అరలు ఖాళీ. గడువు లోపల అమ్ముకోవాలి కదా, 'రెండు కొంటే ఒకటి ఫ్రీ' బోర్డు పెట్టాడు.

లీగల్ లీగల్ అని ఊదరగొట్టిన ఆ నోరు స్టూడెంట్ వీసా పిల్లలకి మాత్రం ఒక్క ముక్క చెప్పదు. ఆ డబ్బాలో గీత దాటిన సరుకుంటే టెక్సస్‌లో గమ్మీ అయినా సరే ఫెలనీ, అంటే పెద్ద నేరం, ఫెడరల్ చట్టం లెక్కలో అది గంజాయే, ఇమిగ్రేషన్ ఆఫీసరుకి డబుల్ బాండ్ కథలు చెప్తే వినడు.

ఇంకో సంగతి, నవ్వు రావట్లేదు నాకిక్కడ. మన దేశంలో మాదకద్రవ్యాల మీదున్న 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో గంజాయికి శాతాల్లేవు, డెల్టాల్లేవు, పూత కాయలున్న కొమ్మ చివర్లు, 'ఏ పేరుతో పిలిచినా' గంజాయే అని రాశారు. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు, బెయిలు దాదాపు దొరకదు. పాడేరు వైపు కొండల్లోంచి నాలుగు డబ్బుల కోసం మూట మోసిన కుర్రాడికి ఆ మూట ఎవడిదో కూడా తెలీదు, వాడు విశాఖ జైల్లో, వాడి తల్లి వాయిదాకి వెళ్లడానికి బస్సు ఛార్జీలు వెతుక్కుంటూ. 2022లో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టి ఫొటోలు దిగారు, సరే, ఆ సరుకుకి పెట్టుబడి పెట్టినవాళ్లలో ఎంతమంది ఆ ఫొటోల్లో ఉన్నారు? ఇక్కడేమో అదే జాతి మొక్కకి ఒక బాండు జరిపి, పుచ్చకాయ బొమ్మ వేసి, లాయర్‌ని పెట్టుకుని అమ్మినవాడు ఆంత్రప్రెన్యూర్. సిగ్గుండాలి. మూట మోసినవాడికి కెమిస్ట్రీ రాకపోవడమే వాడి తప్పు, అంతేగా?

సరే, పిన్ని ప్రయాణం మొన్న. సూట్‌కేసు బరువు చూద్దామని తెరిస్తే బాదంపప్పుల సంచికీ విటమిన్ డబ్బాలకీ మధ్యలో, చీరలో చుట్టి, పుచ్చకాయ బొమ్మ.

"35 డాలర్లురా, ఇంకా పదిహేడున్నాయి, పారేస్తామా? బాబాయికి కూడా నిద్ర పట్టట్లేదు."

"శంషాబాద్‌లో పట్టుకుంటారు పిన్నీ."

"లీగల్ అన్నాడు కదరా ఆ అబ్బాయి."