ఆన్‌లైన్ గ్రూప్ ప్రాజెక్టుల్లో అసలు దోషి బద్ధకమేనా?

ఎవరింట్లో వాళ్లుండి గ్రూప్ ప్రాజెక్టు చేసిన విద్యార్థుల్లో ఎవరిని కదిపినా ఒకటే ఫిర్యాదు: "పనంతా ఇద్దరమే చేశాం, మార్కులు మాత్రం అందరికీ పడ్డాయి." మిగతా ముగ్గురిని అడిగితే ఇంకో మాట వినిపిస్తుంది: "ఏం చెయ్యాలో మాకెవరూ చెప్పలేదు. అడిగేలోపే వాళ్లే చేసేసుకున్నారు." చాలాసార్లు రెండు మాటలూ నిజమే.

గుంపులో చేరితే మనిషి పని తగ్గుతుందన్నది పాత సంగతే. ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజినీరు మాక్స్ రింగెల్‌మన్ మనుషుల చేత తాడు లాగించి మరీ కొలిచాడు. 1913లో అచ్చయిన ఆయన లెక్కల ప్రకారం ఎనిమిది మంది కలిసి లాగితే ఒక్కొక్కరి వంతు, ఒంటరిగా లాగినప్పటి బలంలో దాదాపు సగమే. అయితే అదంతా బద్ధకం ఖాతాలో వెయ్యడానికి లేదు. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం వల్ల పోయే బలం కూడా అందులో ఉంది. తర్వాత అమెరికాలో సామాజిక మనస్తత్వవేత్త బిబ్ లటానే, ఆయన సహచరులు మనుషుల చేత అరిపించి, చప్పట్లు కొట్టించి చేసిన ప్రయోగాల్లోనూ ఇదే తేలింది. 1981లో వాళ్లే ఇంకో ముక్క కలిపారు: ఎవరి అరుపు ఎంతో విడిగా కొలుస్తున్నారని తెలిసినప్పుడు, గుంపులో ఉన్నా ఎవరూ గొంతు తగ్గించలేదు.

క్లాసులో పక్కపక్కనే కూర్చుంటే ఎవరు తప్పించుకుంటున్నారో, ఎవరికి పని అర్థం కాలేదో ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. దూరంగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. గ్రూపులో మెసేజ్ పెట్టాం, అందరూ చూశారు, ఎవరూ పలకలేదు. మౌనం అర్ధాంగీకారం అనుకుని ఒకరు ముందుకు వెళ్లిపోతారు, లెక్కలేనితనం అని ఇంకొకరు మనసులో పెట్టుకుంటారు. పలకని మనిషికి జ్వరమో, డేటా అయిపోయిందో, ఆ ప్రశ్న తనను కాదనుకున్నాడో ఎవరికీ తెలియదు.

కేథరిన్ క్రామ్టన్ అనే పరిశోధకురాలు 2001లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా దీని గురించే. వేర్వేరు ఖండాల్లోని విశ్వవిద్యాలయాల విద్యార్థులతో ఏర్పడిన 13 టీములను ఆమె పరిశీలించారు. మౌనానికి ఎవరికి తోచిన అర్థం వాళ్లు తీసుకోవడం, కొందరికి అందిన సమాచారం మిగతావాళ్లకు అందకపోవడం, ఒకరికి ముఖ్యమనిపించింది ఇంకొకరి కంట పడకపోవడం టీములను దెబ్బతీశాయి. అంతకంటే పెద్ద సంగతి, అవతలివాళ్ల పరిస్థితి కనబడనప్పుడు తప్పును వాళ్ల స్వభావం మీదకు నెట్టేశారు. అప్పట్లో వాళ్ల చేతిలో ఉన్నవి ప్రధానంగా ఈమెయిళ్లే. ఇప్పుడు వీడియో కాల్స్ ఉన్నాయి, మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు పడుతున్నాయి. నన్నడిగితే ఆ టిక్కులు అనుమానాన్ని తగ్గించలేదు, "చూసి కూడా పలకలేదు" అనే కోపాన్ని పెంచాయి.

ఇదంతా బయటపడేది చివరి రాత్రి. ఐదుగురు రాసిన ఐదు భాగాలను ఒక ఫైల్లో అతికిస్తారు. సర్వేలో 120 మంది పాల్గొన్నారని ముందుమాట, 112 మంది అని పట్టిక. సగం పేజీల్లో ఒక ఫాంటు, మిగతా సగంలో ఇంకొకటి. ఒకే నిర్వచనం మూడుచోట్ల. ముగింపు మాత్రం ఎవరూ రాయలేదు, ఎందుకంటే "అది లాస్ట్‌లో చూద్దాం" అన్నారు. ఎవరి భాగం వాళ్లు బాగానే రాశారు. వాటిని కలిపే పని ఎవరికీ అప్పగించలేదు, అంతే. నా దృష్టిలో ఐదుగురి టీములో ఒకరి పని పూర్తిగా కలపడమే అయి ఉండాలి, అదీ మొదటి వారం నుంచే. అలా చేస్తే మిగతావాళ్లకు రాత పెరుగుతుంది, నిజమే. అయినా లాభమే.

ఐదుగురంటే పది జంటలు, ఆరుగురైతే పదిహేను. ఇన్ని దారుల్లో విడివిడిగా చాటింగ్ జరిగితే ఏ నిర్ణయం ఎక్కడ జరిగిందో ఎవరికీ గుర్తుండదు. ఫోన్లో ఇద్దరు ఏది తేల్చుకున్నా, దాన్ని అందరికీ కనబడే ఒక్కచోట రెండు లైన్లలో రాయాల్సిందే. "చేస్తా" అన్న మాట పక్కన తేదీ లేకపోతే దాన్ని ఒప్పుకున్నట్టు లెక్కెయ్యకూడదు. మౌనం సంగతి కూడా మొదటి రోజే తేల్చుకోవచ్చు: ఒక రోజులో జవాబు రాకపోతే సరేనన్నట్టా, ఫోన్ చెయ్యాలా? ఐదు నిమిషాల మాట. ఎక్కువ టీములు అది కూడా మాట్లాడుకోవు. రోజూ మీటింగ్ పెడితే అన్నీ చక్కబడతాయన్న నమ్మకం మాత్రం నాకు లేదు. అందులో మాట్లాడేదీ ఆ ఇద్దరే.

ఎవరి పని ఎంతో కనబడాలి కదా అని కొందరు అధ్యాపకులు గూగుల్ డాక్స్‌లో మార్పుల చరిత్ర తెరిచి చూస్తున్నారు. ఆలోచన మంచిదే, లటానే బృందం చెప్పిందీ దాదాపు అదే. కానీ ఇరవై పేజీల గందరగోళాన్ని పన్నెండు పేజీలకు దించినవాడి పని అక్కడ తుడిపివేతల్లాగే కనిపిస్తుంది. ఎక్కడి నుంచో తెచ్చి అతికించినవాడు కష్టజీవిలా కనిపిస్తాడు. టీము సభ్యులే ఒకరికొకరు మార్కులు వేసుకునే పద్ధతి అంతకంటే మేలు. అయితే చాలాచోట్ల దాన్ని ప్రాజెక్టు ముగిశాక పెడుతున్నారు. అప్పటికి అది పాత కోపాలు తీర్చుకునే కాగితం. సగం గడువు దగ్గర ఒకసారి పెట్టి, ఆ మార్కులను లెక్కలోకి తీసుకోకుండా అధ్యాపకుడు చదివితే చాలు. వారం రోజులుగా పలకని విద్యార్థి ఎవరో అప్పుడే తెలుస్తుంది, ఆయనే ఒక ఫోన్ చేసి కారణం కనుక్కోవచ్చు.