మోనాలిసా గొప్పదనం దొంగ పెట్టిన భిక్షేనా?

ప్యారిస్ వెళ్ళి వచ్చినవారూ, ఎన్నడూ వెళ్ళనివారూ ఒకే ధీమాతో పంచుకునే వాదన ఒకటుంది. లూవ్ర్ మ్యూజియంలోని మోనాలిసా 1911లో దొంగతనానికి గురయ్యేదాకా ఎవరూ పట్టించుకోని మామూలు చిత్తరువు అనీ, దొంగ పుణ్యమా అని పత్రికలకెక్కి పేరు తెచ్చుకుందనీ, ఆపైన కప్పుల మీదా చొక్కాల మీదా అచ్చయి అచ్చయి అర్థం పోగొట్టుకుందనీ, ఇప్పుడు దాని ముందు మిగిలింది సెల్ఫీల గుంపు తప్ప మరేమీ కాదనీ ఆ వాదన సారాంశం. ఇందులో కొన్ని నిజాలు లేకపోలేదు. ఆ నిజాల నుంచి లాగిన తీర్మానమే నిలవదు.

దొంగతనం సంగతి మొదట చూద్దాం, ఎందుకంటే మిగతా వాదనంతా దీని మీదే ఆధారపడింది. 1911 ఆగస్టు 21, సోమవారం, మ్యూజియానికి సెలవు దినం. అంతకు ముందు అక్కడి చిత్రాలకు అద్దాలు బిగించే పనిలో ఉండిన ఇటలీ పనివాడు విన్సెంజో పెరూజా ఆ రోజు చిత్రాన్ని గోడ నుంచి దించి, చట్రం విప్పి, బయటికి తీసుకుపోయాడు. మర్నాడు లూయీ బెరూ అనే చిత్రకారుడు ఆ హాలును చిత్రించడానికి వచ్చి ఖాళీ గోడను చూసి అడిగేదాకా అక్కడివారికి అనుమానం రాలేదు. ‘రోజంతా ఎవరూ గమనించలేదంటే దానికి విలువ లేనట్టే కదా’ అని వాదించేవారు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. కావలివాళ్ళు ఖాళీ జాగాను చూడకపోలేదు. ఫొటోలు తీయడానికి చిత్రాలను స్టూడియోకు పట్టుకుపోవడం ఆ మ్యూజియంలో మామూలే గనుక, ఇది కూడా అక్కడే ఉంటుందనుకున్నారు. పైగా ఆ చిత్రం వేలాడుతూ ఉండిన సలోన్ కారే అనే హాలు, లూవ్ర్ తన సంపదలో మేలైనవాటిని ఏరి పెట్టుకున్న చోటు. ఎవరూ పట్టించుకోని బొమ్మను అక్కడ వేలాడదీయరు, ధ్వంసం చేస్తారేమోనన్న భయంతో దానికి అద్దం బిగించరు.

దొంగతనానికి ముందున్న నాలుగు వందల ఏళ్ళ చరిత్రను ఈ వాదన ఒక్క వేటుతో కొట్టేస్తుంది. ఫ్లోరెన్సు పట్టు వర్తకుడు ఫ్రాన్సెస్కో దెల్ జొకోండో భార్య లీసా చిత్రాన్ని లియొనార్డో దా వించి వేస్తున్నాడని అదే ఊరి ఉద్యోగి అగస్తీనో వెస్పూచీ 1503 అక్టోబరులో తాను చదువుతున్న సిసిరో గ్రంథం అంచున రాసుకున్నాడు. ఆ రోజుల్లో ఫ్లోరెన్సులో ఉన్న యువ రఫేల్ ఈ భంగిమను అనుకరిస్తూ గీసిన స్త్రీ చిత్రం ఇప్పటికీ లూవ్ర్‌లోనే ఉంది. అతడు వేసిన మద్దలేనా దోనీ చిత్తరువులోనూ అదే కూర్చునే తీరు, అలాగే ఒకదానిపై ఒకటి మోపిన చేతులు కనబడతాయి. తోటి చిత్రకారుడు అనుకరించడాన్ని మించిన గుర్తింపు ఏ పత్రిక మాత్రం ఇవ్వగలదు? చిత్రకారుల జీవితచరిత్రలు రాసిన వసారి 1550లోనే ఈ చిత్రాన్ని ఆకాశానికెత్తాడు. అతడు దాన్ని స్వయంగా చూడకుండానే రాశాడన్నది పండితుల్లో బలంగా ఉన్న అభిప్రాయం. అదే నిజమైతే, కళ్ళతో చూడనివాడి నోట కూడా నానేంత పేరు దానికి అప్పటికే ఉందన్నమాట. ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్స్వా దాన్ని సొంతం చేసుకున్నాడు. నెపోలియన్ కొన్నాళ్ళు తన పడకగదిలో పెట్టుకున్నాడు. ఆంగ్ల విమర్శకుడు వాల్టర్ పేటర్, ఆమె తాను కూర్చున్న కొండరాళ్ళ కంటే పాతదని 1869లో రాసిన వాక్యాన్ని ఆనాటి చదువరులు కంఠతా పట్టారు. 1887లో ఒక ఫ్రెంచి హాస్యచిత్రకారుడు ఆమె నోట పొగతాగే పైపు పెట్టి బొమ్మ వేశాడు. చూసేవారికి అసలు తెలియకపోతే ఎగతాళి పండదు. అది దొంగతనానికి 24 ఏళ్ళ ముందటి మాట.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. పందొమ్మిదో శతాబ్దంలో రఫేల్, టిషన్ వంటి వారి చిత్రాలకు దీనికంటే ఎక్కువ విలువ కట్టినవారున్నారు. చదువుకున్నవారి మధ్య తిరిగిన పేరును వీధి వీధికీ చేర్చింది దొంగతనమే. కవి అపొలినేర్‌ను అనుమానంతో జైల్లో పెట్టడం, పికాసోను పిలిపించి ప్రశ్నించడం, 1913 డిసెంబరులో పెరూజా దాన్ని ఫ్లోరెన్సు వర్తకుడికి అమ్మబోయి దొరికిపోవడం, ఇవన్నీ పత్రికలకు పండగే. కానీ పేరు ఎలా పెరిగిందన్నది ఒక ప్రశ్న, ఆ బొమ్మలో ఏముందన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి దొరికిన జవాబును రెండోదానికి అతికించడమే ఈ వాదన చేసే అసలు పొరపాటు.

‘మరీ చిన్న బొమ్మ, చూస్తే నిరాశే’ అన్న మాటకు ఎక్కువ చెప్పనక్కరలేదు. 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఒక ఇంటి ఇల్లాలి చిత్తరువుకు తక్కువేమీ కాదు. నిరాశ పోస్టర్ల కొలతల నుంచి పుట్టింది.

మూడో మాట కాస్త బరువైనది: ఎక్కడ పడితే అక్కడ కనబడి కనబడి అర్థం అరిగిపోయిందని. దీనికి తోడుగా, ఉన్న ఇష్టం కూడా అలవాటు వల్లేనని చెప్పడానికి చూపేది పదే పదే చూసినదాన్ని మనసు ఇష్టపడుతుందన్న పరిశోధన. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ కటింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన తరగతిలో అంతగా పేరులేని ఇంప్రెషనిస్టు చిత్రాలను ఎక్కువసార్లు చూపించి, విద్యార్థుల మొగ్గు వాటి వైపు తిరగడాన్ని 2003లో ప్రచురించాడు. గొప్పదనమంతా అలవాటేనని చాలామంది దీన్నుంచి తేల్చేశారు. అయితే బ్రిటన్ పరిశోధకులు కొందరు 2013లో ఇదే పద్ధతిని మార్చి చూశారు. ముచ్చటైన కుటీరాల బొమ్మలతో విపరీతంగా అమ్ముడుపోయిన అమెరికా చిత్రకారుడు థామస్ కింకేడ్ చిత్రాలనూ, ఆంగ్ల చిత్రకారుడు మిల్లే చిత్రాలనూ విద్యార్థులకు మళ్ళీ మళ్ళీ చూపించారు. కింకేడ్ బొమ్మల మీద ఇష్టం చూసిన కొద్దీ తగ్గింది. మిల్లే విషయంలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. ఒకటి రెండు ప్రయోగాలతో కళ విలువ తేలిపోతుందని నేననను. కానీ ‘ఎక్కువ చూస్తే ఏదైనా చప్పబడుతుంది’ అనేవారికీ, ‘ఎక్కువ చూపిస్తే ఏదైనా గొప్పదవుతుంది’ అనేవారికీ ఇది ఇబ్బంది కలిగించే ఫలితమే. పదే పదే చూడటం బొమ్మకు ఒక పరీక్ష. అన్ని బొమ్మలూ అందులో ఒకేలా నెగ్గవు.

అరిగిపోయిందంటున్న ఆ బొమ్మను దగ్గరగా చూడండి. ఆమె కళ్ళను చూస్తున్నంతసేపూ పెదవులు నవ్వుతున్నట్టే ఉంటాయి. దృష్టిని సరాసరి పెదవుల మీదికి తెస్తే నవ్వు పలచబడుతుంది. పెదవుల కొసల్లో గీత అన్నది లేకుండా, మెత్తని నీడతోనే ఆ వంపు ఏర్పడటం దీనికి కారణం. ఓరచూపు అలాంటి నీడలను బాగా పట్టుకుంటుంది, సూటి చూపు సన్నని వివరాలను వెతుకుతుంది. ఆ నీడల కోసం లియొనార్డో పూసిన పారదర్శకమైన రంగుపూతల మందం కొలవడానికి మైక్రోమీటర్లు కావలసి వచ్చింది. ఇక వెనుక దృశ్యంలో మన ఎడమ వైపు దిగంతం కిందికి, కుడి వైపు పైకి ఉంటాయి. ఆమె తల అడ్డం ఉన్నందువల్ల ఆ రెండూ కలవవన్న సంగతి వెంటనే తోచదు, కానీ చూపు ఎడమ నుంచి కుడికి జరిగినప్పుడు ఆమె కాస్త కదిలినట్టు అనిపిస్తుంది. కప్పు మీది అచ్చు దీనిలో దేన్ని తుడిచేసింది? 1919లో ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ దుషాఁ ఆమె బొమ్మ ఉన్న ఒక పోస్టుకార్డు మీద మీసాలు దిద్దినప్పుడు కూడా పాడైంది ఆ కార్డే.

అచ్చుబొమ్మలు చేసే అపకారం లేదని కాదు. ‘ఇది నాకు తెలుసు’ అనిపించి చూపును ముందే కదిలించేస్తాయి. అది బొమ్మకు వచ్చిన లోటు కాదు, మన ఓపికకు వచ్చింది. అలవాటుపడిన కంటికి విరుగుడు మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉంది. లియొనార్డో పనిశాలలో, బహుశా శిష్యుడొకరు, అసలు చిత్రం రూపుదిద్దుకుంటున్నప్పుడే పక్కన కూర్చుని వేసిన ప్రతి అది. దాని నేపథ్యాన్ని కప్పిన నల్లరంగును తొలగించి 2012లో ప్రదర్శించారు. పాతబడిన వార్నిష్‌తో ప్యారిస్ చిత్రంలో పసుపు పచ్చగా మసకబారిన దుస్తుల చేతులు ఇందులో ఎర్రగా మెరుస్తాయి, కనుబొమలు స్పష్టంగా కనబడతాయి. నవ్వు మాత్రం అలా నిలవదు. రెంటినీ పోల్చి చూసినవారికి ప్యారిస్ చిత్రంలో ఏముందో ఎవరూ చెప్పనక్కరలేదు.

చివరిది గుంపు సంగతి. రోజుకు సుమారు 20,000 మంది ఆ హాలులోకి వస్తారు. అడ్డంగా కట్టిన తాడు వెనక నిలబడి, అద్దం ఆవల ఉన్న బొమ్మను కొన్ని క్షణాలు చూసి, లేదా ఫోనులోంచి చూసి, కదలాల్సిందే. ‘తిరుమలలో గంటల తరబడి నిలబడి క్షణం దర్శనం చేసుకుంటాం, దాని అర్థం తగ్గిందా’ అని మనవాళ్ళు కొందరు బదులిస్తారు. ఆ పోలిక నాకు సమ్మతం కాదు. భక్తుడికి ఆ క్షణం చాలు, నమ్మకం అతడు ఇంటి నుంచే తెచ్చుకుంటాడు. లియొనార్డో నీడలకు నిలకడగా చూసే కళ్ళు, కొంత సమయం కావాలి. కాబట్టి ఈ విషయంలో ఫిర్యాదు న్యాయమైనదే. అయితే అది ఎవరి మీద చేయాలి? చూసే పరిస్థితి చెడిందంటే టికెట్ల సంఖ్య, గది అమరిక, తాడు దూరం గురించి అడగాలి. వాటన్నిటికీ బొమ్మను బాధ్యురాలిని చేసి ‘అర్థం పోయింది’ అనేస్తే మ్యూజియం హాయిగా తప్పించుకుంటుంది.

ప్రచారం వల్ల నిజంగా నష్టపోయినది అదే హాలులో, మోనాలిసాకు ఎదుటి గోడ మీద ఉంది. ఇటలీ చిత్రకారుడు వెరోనీస్ 1563లో పూర్తిచేసిన ‘కానాలో పెళ్ళి’ దాదాపు పది మీటర్ల వెడల్పున్న విందు దృశ్యం, 1797లో నెపోలియన్ సేనలు వెనిస్ నుంచి ఎత్తుకొచ్చిన చిత్రం. మోనాలిసాను నెపోలియన్ దోచుకొచ్చాడని, తాను దాన్ని స్వదేశానికి చేర్చానని పెరూజా చెప్పుకున్నాడు. ఆ మాట లియొనార్డోనే వెంట ఫ్రాన్సుకు తెచ్చుకున్న చిత్రానికి చెల్లదు, వెరోనీస్ విందుకు అక్షరాలా చెల్లుతుంది. వచ్చినవారిలో చాలామంది దానికి వీపు తిప్పి నిలబడతారు. మోనాలిసాను ప్రత్యేక గదికి, ప్రత్యేక టికెట్టుకు మారుస్తామని ఫ్రాన్సు అధ్యక్షుడు 2025 జనవరిలో ప్రకటించారు. అది జరిగితే ముందుగా మేలు పొందేది వెరోనీసే.