నరకం హాయిగా ఉంటుందని ఏ కథ చెప్పింది?

ఈ పోస్టు మా కుటుంబ గ్రూపులోకి మొదట మా బాబాయి పంపితే వచ్చింది. వారం తిరక్కుండానే ఇంకో రెండు గ్రూపుల్లో కనిపించింది. ఒకచోట ఎర్రటి మంటల బొమ్మతో, ఇంకోచోట ఎవరో గంభీరమైన గొంతుతో చదివిన ఆడియోగా. సారాంశం ఇది: "పాటల్లో, సినిమాల్లో, వెబ్ సిరీసుల్లో నరకాన్ని పార్టీ జరిగే చోటులా చూపిస్తున్నారు. నలభై యాభై ఏళ్ళ కిందట పాశ్చాత్య రాక్ సంగీతంతో మొదలైన జబ్బు ఇది. ఈ కథలన్నీ స్వర్గం కంటే నరకమే నయమని పిల్లలకి నూరిపోస్తున్నాయి. అది చూసే మన సినిమావాళ్ళు యముణ్ణి జోకర్ని చేశారు. ఆ పాటల్ని వెనక్కి తిప్పి వింటే సైతాను సందేశాలు వినిపిస్తాయి. నరకభయం పోయింది కాబట్టే నేరాలు పెరిగాయి. ధర్మరాజంతటివాడే నరకం చూసి తట్టుకోలేకపోయాడు, మనమెంత?"

బాబాయి మీద నాకేం కోపం లేదు. మనవరాలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినే పాట పేరులో నరకం అన్న మాట ఉందని ఆయన టెన్షన్. కానీ ఈ పోస్టు రాసినవాళ్ళెవరో గాని, ప్రతి కథనీ సగం దాకా చదివి ఆపేశారు. ఒక్కొక్కటే చూద్దాం.

"రాక్ సంగీతంతో మొదలైంది" అన్నది మొదటి మాట. లెక్క ఏడెనిమిది వందల ఏళ్ళు తప్పింది. దాదాపు 13వ శతాబ్దం నాటి ఫ్రెంచి ప్రేమకథ ఒకటుంది, 'ఒకాసాన్, నికొలెట్'. కొంత వచనం, కొంత పాట. ఆ అమ్మాయిని ఉంచుకున్నావంటే నీ ఆత్మ నరకానికి పోతుందని ఓ పెద్దమనిషి కుర్రాణ్ణి బెదిరిస్తాడు. కుర్రాడు తడుముకోకుండా జవాబిస్తాడు. స్వర్గంలో నాకేం పని? అక్కడికి పోయేది రాత్రింబవళ్ళు గుడిమెట్ల దగ్గర దగ్గుతూ కూర్చునే ముసలి పూజారులు, చిరుగు దుప్పట్లవాళ్ళు, ఆకలికీ చలికీ చచ్చేవాళ్ళు. నరకానికైతే చక్కని పండితులు, యుద్ధాల్లో పోయిన వీరులు, మొగుడితో పాటు ఇద్దరు ముగ్గురు ప్రియులున్న అందగత్తెలు, వీణలు వాయించేవాళ్ళు, రాజులు పోతారు. నేనూ వాళ్ళతోనే పోతాను, నా నికొలెట్ నా పక్కనుంటే చాలు. అదీ వాడి మాటల సారం. కరెంటు గిటారు పుట్టడానికి ఇంకా ఏడు వందల ఏళ్ళుంది.

అంత మాట అన్నవాడు నరకానికి పోయాడా? లేదు. నానా తిప్పలూ పడి ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నాడు, కథ అయిపోయింది. నరకం ఎలా ఉంటుందో వాడికి తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వాడి మంట అంతా స్వర్గం పేరు చెప్పి బెదిరించేవాడి మీద. ఇలాంటి కథల్లో గురి ఎక్కువసార్లు అటువైపే ఉంటుంది.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. 1858లో పారిస్‌లో ఒఫెన్‌బాక్ అనే సంగీతకర్త ఒక గ్రీకు పురాణకథని పట్టుకుని 'పాతాళంలో ఓర్ఫియస్' అనే సంగీత ప్రహసనం వేశాడు. అందులో దేవతలకి ఒకే అమృతం తాగి తాగి విసుగెత్తి, తిరుగుబాటు చేసి, షికారుకి నరకానికి దిగుతారు. కాళ్ళు పైకి విసురుతూ ఆడే క్యాన్‌క్యాన్ నాట్యానికి ఇవాళ ప్రపంచమంతా వాడే బాణీ అక్కడి నరకపు విందులోదే. బాబాయ్ కూడా ఆ బాణీ వినే ఉంటాడు, పేరు తెలియదంతే. అయితే ఈ సరదా నరకంలో అప్పటికే ఒక మనిషి ఉంది, ఓర్ఫియస్ భార్య యూరిడిసీ. పాతాళరాజు ఆమెని ఒక గదిలో పెట్టి తాళం వేసి, కాపలాకి ఒక తాగుబోతుని పెట్టాడు. ఆమె పాడేదల్లా ఒకటే గోడు: విసుగొస్తోంది. పైనుంచి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకే అది పార్టీ.

రెండో మాట, "ఈ కథలన్నీ నరకమే నయమంటాయి." అసలు తగవు ఇక్కడే.

1960లో అమెరికా టీవీలో 'ట్విలైట్ జోన్' సిరీస్‌లో ఒక ఎపిసోడ్ వచ్చింది. రాకీ అనే చిల్లర దొంగ పోలీసు కాల్పుల్లో చస్తాడు. కళ్ళు తెరిస్తే తెల్ల బట్టల్లో ఒక మర్యాదస్తుడు: ఏం కావాలంటే అది ఇస్తాను. మేడ, డబ్బు, అమ్మాయిలు. జూదానికి కూర్చుంటే ప్రతి ఆటా గెలుపే. బిలియర్డ్స్ బల్ల ముందు నిలబడి ఒక్క దెబ్బ కొడతాడు. బంతులన్నీ దొర్లుకుంటూ వెళ్ళి దేనికది గోతిలో పడతాయి, ఒక్కటి కూడా మిగలదు. మొదటిసారి చూసినప్పుడు ఆ దృశ్యం దగ్గర నేను నవ్వాను. మళ్ళీ చూసినప్పుడు అతని మొహం చూశాను. ఇంకో దెబ్బ కొట్టడానికి బల్ల మీద ఏమీ లేదు. నెల రోజులకి పిచ్చెక్కిపోయి, ఈ స్వర్గం నాకు పడదు, నన్ను ఆ రెండో చోటికి పంపించు అంటాడు. తెల్ల బట్టలవాడు పగలబడి నవ్వి, ఇది స్వర్గమని నీకెవరు చెప్పారు, ఆ రెండో చోటు ఇదే అంటాడు. ఆ ఎపిసోడ్‌లో మొదటి పదిహేను నిమిషాలు చూసి లేచిపోతే పోస్టు రాసినాయన చెప్పినట్టే ఉంటుంది.

బెర్నార్డ్ షా ఇంకా ముందే, 1903లో అచ్చయిన 'మ్యాన్ అండ్ సూపర్‌మ్యాన్' నాటకం మూడో అంకంలో ఇంతకన్నా తెలివైన పని చేశాడు. ఆయన నరకం చాలా మర్యాదైన చోటు. సంగీతం, కబుర్లు, అందం, ప్రేమ, ఆతిథ్యమిచ్చే దెయ్యం. స్వర్గానికీ దానికీ మధ్య గోడ కూడా లేదు, ఎవరికి నచ్చినచోట వాళ్ళుండొచ్చు. స్వర్గంలో ఉన్న ఒక పెద్దాయన బోరు కొట్టి నరకానికి మకాం మార్చేస్తాడు కూడా. కానీ లోకంలో అందరికన్నా పెద్ద రసికుడని పేరున్న డాన్ జువాన్, సుఖాల కోసమే బతికాడని అందరూ అనుకునే ఆ మనిషి, ఈ హాయి నేను భరించలేను అని స్వర్గానికి బయల్దేరతాడు. అక్కడ పనుంటుందని, ఆలోచించడానికి ఏదో ఉంటుందని.

ఇంగ్లీషు కవి మిల్టన్ సంగతి మరీ అన్యాయం. 'స్వర్గంలో సేవకుడిగా ఉండటం కంటే నరకంలో రాజుగా ఉండటం మేలు' అన్న అర్థం వచ్చే వాక్యం టీషర్టుల మీద కూడా వేస్తున్నారు. 1667లో వచ్చిన ఆయన కావ్యం 'ప్యారడైజ్ లాస్ట్' మొదటి సర్గలో సైతాను అనే మాట అది, అప్పుడే ఓడిపోయి కిందపడి తన ముఖ్య అనుచరుడి ముందు పరువు నిలుపుకోవడానికి అన్నది. నాలుగో సర్గలో పక్కన ఎవరూ లేనప్పుడు అదే సైతాను ఏమంటాడు? ఎటు పారిపోయినా నరకమే, నేనే నరకం అంటాడు. ఇది మాత్రం ఏ టీషర్టు మీదా నేను చూడలేదు.

ఇప్పటివాటిలో ఎక్కువ తిట్లు తింటున్నది 'హజ్‌బిన్ హోటల్' అనే యానిమేషన్ సిరీస్. రంగులు, పాటలు, బూతులు, అన్నీ నరకంలోనే. చిన్నపిల్లలకి చూపించొద్దంటే నేనూ ఒప్పుకుంటాను, అది వాళ్ళ కోసం తీసింది కాదు. కానీ కథేమిటి? నరకపు రాకుమారి ఒక హోటల్ తెరుస్తుంది, పాపులు మారి స్వర్గానికి వెళ్ళాలని. నరకం అంత బాగుంటే ఆ హోటల్ ఎందుకు?

రాక్ పాటల విషయంలో పోస్టు కొంతవరకు నిజం చెప్పింది. పుర్రెలు, మంటలు, కొమ్ములు అట్ట మీద వేస్తే సరుకు అమ్ముడుపోతుందని చాలా బ్యాండ్లకి తెలుసు, అందులో తత్వం వెతకక్కర్లేదు. కానీ పోస్టులో పేరు పెట్టి తిట్టిన పాట, ఏసీ/డీసీ వాళ్ళ 1979 నాటి 'హైవే టు హెల్', ఆ కోవలోది కాదు. ఏళ్ళ తరబడి బస్సుల్లో ఊరూరూ తిరుగుతూ కచేరీలు చేసే బతుకు గురించి రాశామని ఆ బ్యాండువాళ్ళే చెప్పారు. ఆ పాట పాడిన బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరిలో ఒక రాత్రి విపరీతంగా తాగి చనిపోయాడు. అదే ఏడాది మిగిలినవాళ్ళు పూర్తి నల్ల అట్టతో ఇంకో ఆల్బమ్ తెచ్చారు, మొదటి పాట పేరులో మళ్ళీ నరకం. అది మొదలయ్యేది గిటారుతో కాదు, నెమ్మదిగా ఒక్కో దెబ్బా మోగే గంటతో. చావుగంట అది. నల్ల అట్ట సంతాపం. బాబాయి మనవరాలు వింటున్నది ఈ పాటే.

మూడోది, మన సినిమావాళ్ళు వాళ్ళని చూసి నేర్చుకున్నారని. 'దేవాంతకుడు' వచ్చింది 1960లో. అప్పటికి ఈ రాక్ బ్యాండే లేదు. దానికి ఆధారం 1958 నాటి ఒక బెంగాలీ హాస్య చిత్రం. ఆ తర్వాత 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 1994లో 'యమలీల'. వీటిలో యమలోకం హాయిగా ఉంటుందా? ఆఫీసులా ఉంటుంది. 'యమగోల'లో హీరో వెళ్ళి యమభటులతో యూనియన్ పెట్టించి సమ్మె చేయిస్తాడు. సమ్మె చేసేది సుఖంగా ఉన్న చోట కాదు కదా! పైగా అక్కడికి వెళ్ళిన హీరోల తాపత్రయం ఒక్కటే, ఎలాగైనా భూమ్మీదకి తిరిగి రావడం.

ఆ ఆఫీసుని కట్టింది కూడా సినిమావాళ్ళు కాదు. యముడికి సభనీ, చిత్రగుప్తుడికి చిట్టానీ ఇచ్చింది పురాణాలే. భాగవతం పంచమ స్కంధం నరకాలకి ఇరవై ఎనిమిది పేర్లు చెప్పి, ఏ తప్పుకి ఏదో విడమరిచి చెబుతుంది. శిక్ష తీరాక మళ్ళీ జన్మ ఉంటుంది కూడా. అంటే మనది శాశ్వత నరకం కాదు, గడువున్న జైలు. ఇక చిట్టా ఉన్నచోట పొరపాటూ ఉంటుంది. ఒకరికి బదులు ఇంకొకరి ప్రాణం తేవడం సినిమా రచయితల కొంటె ఊహ అనుకుంటాం. మహాభారతం అనుశాసనిక పర్వంలో చూడండి. శర్మి అనే బ్రాహ్మణుణ్ణి తెమ్మని యముడు భటుణ్ణి పంపుతాడు. అదే ఊళ్ళో అదే గోత్రంవాడు ఇంకొకడున్నాడు, వాణ్ణి మాత్రం తేకు అని మరీ హెచ్చరిస్తాడు. భటుడు సరిగ్గా వాణ్ణే తెస్తాడు. యముడు ఆ వచ్చినాయన్ని మర్యాద చేసి వెనక్కి పంపేస్తాడు. యముణ్ణి చూసి నవ్వుకోవడం మనకి ఎవరూ నేర్పక్కర్లేదు.

నాలుగోది, వెనక్కి తిప్పితే సందేశాలు. 1985లో కెనడాకి చెందిన వోకీ, రీడ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించారు. వెనక్కి తిప్పిన మాటల అర్థాన్ని విన్నవాళ్ళు పట్టుకోలేకపోయారు. ఫలానా మాట ఉంది, వినండి అని ముందే చెబితే మాత్రం వినిపించింది. పోస్టులో కూడా ముందు మాట రాసి, కింద ఆడియో పెట్టారు.

ఐదోది బరువైన మాటే, భయం పోతే నేరాలు పెరుగుతాయని. పోస్టు రాసినవాళ్ళకి తెలియదు గాని, వాళ్ళకి పనికొచ్చే పరిశోధన ఒకటుంది. 2012లో షరీఫ్, రెమ్‌తుల్లా అనే ఇద్దరు 67 దేశాల లెక్కలు తీసి, స్వర్గాన్ని నమ్మేవారి శాతం కంటే నరకాన్ని నమ్మేవారి శాతం ఎంత తక్కువగా ఉంటే నేరాలు అంత ఎక్కువగా ఉన్నాయని చూపించారు. దాన్ని నేను దాచను. కానీ అది రెండు అంకెలు కలిసి నడవడం మాత్రమే, ఒకదానివల్ల రెండోది జరిగిందని కాదు. పైగా వాళ్ళు కొలిచింది నమ్మకాన్ని, వినే పాటల్ని కాదు. భయపెట్టే నరకాలు భయపెట్టాల్సినవాళ్ళని భయపెట్టాయా అన్నది వేరే ప్రశ్న. ఏడు వందల ఏళ్ళ కిందట ఇటలీ కవి డాంటే తన కావ్యంలోని నరకంలో ఒక పోప్‌ని రాతిగోతిలో తలకిందులుగా పాతి అరికాళ్ళకి నిప్పు పెట్టాడు. ఇంకో పోప్ కోసం చోటు అట్టే పెట్టాడు. పదవులు అమ్ముకున్నారని. రోజూ జనానికి నరకం గురించి చెప్పే ఉద్యోగం వాళ్ళది.

ఇక చివరిది, ధర్మరాజు. ఇది చదివినప్పుడే నాకు ఈ జవాబు రాయాలనిపించింది.

స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు స్వర్గానికి వెళ్ళేసరికి అక్కడ దుర్యోధనుడు సూర్యుడిలా వెలిగిపోతూ సింహాసనం మీద ఉంటాడు. తమ్ముళ్ళు లేరు, ద్రౌపది లేదు, కర్ణుడు లేడు. వాళ్ళున్నచోటికి తీసుకెళ్ళమంటే దేవదూత ముందు నడుస్తాడు. దారంతా చీకటి, బురద, కుళ్ళిన శవాలు, ఈగలు, కాగే నది, కత్తుల్లాంటి ఆకుల చెట్లు. నిజమే, ధర్మరాజు ఆ కంపు భరించలేక వెనక్కి తిరుగుతాడు. పోస్టు ఇక్కడ ఆగిపోయింది.

తిరిగి రెండడుగులు వేశాడో లేదో చీకట్లోంచి గొంతులు. ఒక్క క్షణం ఆగు, నువ్వు వచ్చాక చల్లగాలి వీస్తోంది, మా బాధ తగ్గింది అని. ఎవరు మీరు అంటే, నేను కర్ణుణ్ణి, నేను భీముణ్ణి, నేను అర్జునుణ్ణి, నేను ద్రౌపదిని. ధర్మరాజు కాసేపు నిలబడి, ధర్మాన్నీ దేవతల్నీ కూడా నిందించి, దూత వైపు తిరుగుతాడు. నువ్వు ఎవరి దూతవో వాళ్ళ దగ్గరికి వెళ్ళు, నేను రానని చెప్పు, నేనుండటం వల్ల నా వాళ్ళకి హాయిగా ఉందట, ఇక్కడే ఉంటాను.

దూత వెళ్ళిపోయాడు. అది పరీక్ష అని ధర్మరాజుకి అప్పటికింకా తెలియదు.