మా చిట్టి బక్కచిక్కి లేదండీ, గ్రేహౌండ్ అంటే అంతే

ముందే చెప్పేస్తున్నాను. మా కుక్క చిట్టికి రెండు పూటలా తిండి పెడుతున్నాం. నిక్షేపంగా తింటోంది. కాబట్టి దయచేసి ఇంకెవరూ "అయ్యో, అదేంటమ్మా ఎముకలు లెక్కపెట్టేలా ఉంది, ఇద్దరూ ఆఫీసులకెళ్తే దానికి అన్నం పెట్టే దిక్కు లేదేమో" అని పదిమందిలో జాలి పడకండి. మొన్న మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్తే ఇద్దరు ఆంటీలు నా ఎదురుగానే దీని మీద చర్చ పెట్టారు. కుక్కను తీసుకెళ్లలేదు కూడా, ఫోన్లో ఫొటో చూసి! నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

తెలియనివాళ్ల కోసం. చిట్టిది గ్రేహౌండ్ అనే పరుగుల జాతి. రేసుల్లో పరిగెత్తి, రిటైరయ్యాక దత్తతకొచ్చిన కుక్క. ఇక్కడ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో ఇలాంటివాటిని ఇళ్లకు ఇచ్చే సంస్థలున్నాయి. చెవి తిప్పి చూస్తే రేసుల నాటి పచ్చబొట్టు అక్షరాలు ఇప్పటికీ కనిపిస్తాయి. నాలుగైదేళ్లు వచ్చేసరికి వీటి ఉద్యోగం అయిపోతుంది. ఆయుష్షు మాత్రం పన్నెండు, పద్నాలుగేళ్ల దాకా ఉంటుంది. మిగిలిన కాలం ఎవరో ఒకరి ఇంట్లో గడవాలి.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, గ్రేహౌండ్‌ను చూడగానే దానికేం కావాలో ప్రతివాళ్లూ తేల్చేస్తారు. బక్కగా ఉంది కాబట్టి తిండి కావాలి. పరుగుల జాతి కాబట్టి పరుగు కావాలి. సాధువులా పడుకుంది కాబట్టి దగ్గరికెళ్లి ముద్దు చేయాలి. మూడూ తప్పే. దానికి నిజంగా కావలసినవేమో ఒక్కళ్ల కంటికీ ఆనవు.

తిండి సంగతి ముందు. ఈ జాతిలో ఒంట్లో కొవ్వు చాలా తక్కువ, ఉన్నదంతా కండ. తొడ పట్టుకుని చూడండి, రాయిలా ఉంటుంది. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపించాలి, నడుము లోపలికి పోవాలి, తుంటి ఎముకల కొసలు కాస్త తెలియాలి. అదే ఆరోగ్యం. రేసు రోజుల బరువు మీద ఒకటి రెండు కిలోలు పెరిగితే పర్లేదు. అంతకు మించి పెంచితే ఆ బరువంతా ఆ సన్నటి కాళ్లే మోయాలి. పైగా ఈ కాళ్లు ఊరికే వచ్చినవి కావు. ఇక్కడి ట్రాకుల మీద కుక్కలు ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతూ పరిగెడతాయి. ఆ మలుపుల్లో కుడి వెనక కాలి మడమ ఎముకలు విరగడం రేసు కుక్కల్లో మామూలుగా అయ్యే గాయం. అలాంటి కాళ్ల మీదకు మన ప్రేమంతా నెయ్యి రూపంలో ఎక్కిస్తానంటే ఎలా?

మనకు తిండి పెట్టడమే ప్రేమ. ఒప్పుకుంటాను, నేనూ ఆ బాపతే, ఇంటికొచ్చినవాళ్లను తినకుండా పంపను. కానీ కుక్క విషయంలో ఈ అలవాటు ప్రాణాల మీదకు తెస్తుంది. వినాయక చవితి నాడు మా ఇంటికొచ్చిన ఒక పెద్దావిడ, ఎంత వద్దన్నా వినకుండా, "ప్రసాదమే కదమ్మా" అని పాయసంలో కిస్‌మిస్‌లు ఏరి మరీ దానికి పెట్టారు. ఏరి మరీ! కిస్‌మిస్, ద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమో ముందే చెప్పలేం, ఒక కుక్కకు ఏమీ కాదు, ఇంకో కుక్కకు కొన్ని పళ్లకే మీదకొస్తుంది. ఇంటి నిండా చుట్టాలుండగా నేను పట్టుచీరతోనే ఎమర్జెన్సీ క్లినిక్‌కు పరిగెత్తాను. ఇంజెక్షన్ ఇచ్చి కక్కించారు, రాత్రంతా సెలైన్ పెట్టారు. బిల్లు ఎంతైందో ఇక్కడ రాయను, మా ఆయన మళ్లీ బాధపడతారు. ఇంతా అయ్యాక ఆవిడ అన్నమాట: "మా ఊళ్లో కుక్కలు అన్నీ తింటాయి, వాటికేం కాలేదే."

ఉల్లిపాయ, వెల్లుల్లి రక్తకణాలను పాడుచేస్తాయి. అంటే గారెలు, పెసరట్టు, పులుసు, మన వంటింట్లో సగం వంటకాలు అవుట్. బిర్యానీలో ఉడికిన కోడి ఎముకలు లోపల చీలి గుచ్చుకుంటాయి. చాక్లెట్ సంగతి చాలామందికి తెలుసు, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లో తీపికి వేసే జైలిటాల్ సంగతి తెలియదు. అది ఇంకా ప్రమాదం. ఒక చెంచా పెరుగన్నం పెడతానంటే సరే, అదీ నన్నడిగి.

ఇక రెండో వర్గం, అంకుల్స్. "రేసు కుక్కను ఇంట్లో కట్టేశారా? రోజుకు పది కిలోమీటర్లు పరిగెత్తించాలమ్మా, లేకపోతే పిచ్చెక్కుతుంది." ఎవరికి పిచ్చెక్కుతుందో తెలియదు కానీ, చిట్టి మాత్రం రోజులో ముప్పావు భాగం నిద్రపోతుంది. గ్రేహౌండ్ గంటకు 60 కిలోమీటర్లు దాటి పరిగెడుతుంది, నిజమే. ఒక్కో అంగకు నాలుగు కాళ్లూ రెండుసార్లు నేల వదిలేస్తాయి, స్లో మోషన్‌లో చూస్తే ఎగురుతున్నట్టే ఉంటుంది. కానీ ఎంతసేపు? 500 మీటర్ల రేసు అర నిమిషంలో అయిపోతుంది. దాని ఒళ్లు ఆ అర నిమిషానికే తయారైంది. పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు నడిపిస్తే చాలు. అప్పుడప్పుడు దానికే హుషారొచ్చి పెరట్లో నాలుగు చుట్లు గిర్రున తిరుగుతుంది. తర్వాత సోఫా ఎక్కి నాలుగు కాళ్లూ గాల్లోకి పెట్టి, మెడ వంకరగా వాల్చి, నాలుక బయటికి వేలాడేసి పడుకుంటుంది. ఆ భంగిమ చూసి మా నాన్న మొదటిరోజు "ఒరేయ్, ఇది పోయిందేమో చూడండ్రా" అని కేకపెట్టారు.

పిల్లలకైతే ఒకటే కోరిక. "ఆంటీ, ఒక్కసారి వదలండి, ఎంత స్పీడో చూస్తాం." వదలను. 2019 జనవరి నుంచి విక్టోరియాలో ఇంటి గ్రేహౌండ్లకు మూతికి బుట్ట కట్టక్కర్లేదన్నారు కానీ, బయటికెళ్తే లీష్ ఉండాల్సిందే. చట్టం లేకపోయినా నేను వదలను. ఇది వాసనతో కాదు, కంటితో వేటాడే జాతి. ఎక్కడో కుందేలో పిల్లో కదిలితే మనకంటే ముందు దానికి కనిపిస్తుంది. ఒక్కసారి పరుగందుకుందా, ఇక పేరు పెట్టి పిలిచినా, తిట్టినా, చికెన్ చూపించినా చెవికెక్కదు. మధ్యలో రోడ్డుందని అసలే తెలియదు. మామూలు పట్టీ కూడా పనికిరాదు, దీని తల మెడ కంటే పెద్దదేం కాదు, వెనక్కి ఒక్క గుంజు గుంజితే జారి వచ్చేస్తుంది. లాగినప్పుడు బిగిసే మార్టింగేల్ కాలర్ వేయాలి.

మూడోది, నిద్ర. చాలా గ్రేహౌండ్లు కళ్లు తెరిచే నిద్రపోతాయి. మేలుకునే ఉందనుకుని వెళ్లి మీద చెయ్యేస్తే ఉలిక్కిపడి గుర్రుమంటుంది, ఒక్కోసారి నోరు కూడా వేస్తుంది. అది కోపం కాదు. రేసు రోజులంతా కెన్నెల్‌లో ఒక్కటే పడుకున్న ప్రాణి, నిద్రలో దాన్ని ఎవరూ ముట్టుకుని ఎరగరు. దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, లేచాక దగ్గరికి వెళ్తే ఏ గొడవా ఉండదు. ఈ చిన్న మాట మన పిల్లలకు చెప్పండంటే తల్లిదండ్రులు నావైపు చూసే చూపు ఉంటుంది చూశారూ, ఇంట్లో పులిని పెంచుతున్నట్టు!

ఇప్పుడు దానికి నిజంగా ఏం కావాలో చెప్తాను. ఎవరూ అడగలేదు, అయినా చెప్తాను.

మెత్తటి పరుపు కావాలి. కొవ్వు లేదు కదా, గట్టి నేల మీద పడుకుంటే మోచేతులు ఒరుసుకుపోతాయి. చలికి కోటు కావాలి. ఇక్కడ చలికాలమైన జులైలో మెల్‌బోర్న్ పొద్దులు ఎలా ఉంటాయో ఇక్కడున్నవాళ్లకు చెప్పక్కర్లేదు. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ "కుక్కకు చొక్కా ఏంటే, చోద్యం కాకపోతే" అని వారం రోజులు ఎకసెక్కాలాడింది. తర్వాత ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తన పాత శాలువా కత్తిరించి, అంచులు మడిచి కుట్టి, పొట్ట కింద ముడేసుకునేలా బొందులు పెట్టి దానికి తొడుగుతోంది. "వణుకుతోందే, చూడలేకపోయా" అంది. నాకు ఈ దేశంలో దొరికిన ఒకే ఒక మిత్రపక్షం మా అమ్మ. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటిన రోజు మాత్రం బయటికి తియ్యం, ఏసీ గదిలోనే.

మెట్లెక్కడం నేర్పాలి. నమ్ముతారా? రేసు గెలిచిన కుక్క, మా ఇంటి మెట్ల ముందు నిలబడి గజగజ వణికింది. మెట్లు, అద్దాల తలుపులు, టీవీ, వాక్యూమ్ క్లీనర్, ఇవేవీ అది పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. వెనక నిలబడి దాని ముందు కాలు ఒకటి పట్టుకుని పై మెట్టు మీద పెట్టాలి, తర్వాత రెండోది, తర్వాత వెనక కాళ్లు. మా ఆయన పైన కూర్చుని ముక్కు ముందు చీజ్ ముక్క ఊపుతూ ఉంటే, నేను కింద నుంచి తోస్తూ ఉంటే, అది నా భుజం మీద మొత్తం బరువేసి నిలబడింది. అద్దం తలుపుకు కంటి ఎత్తులో టేపు అంటించాం. టైల్స్ మీద జారుతోందని హాలంతా చాపలు పరిచాం.

అన్నిటికంటే ముఖ్యం, గ్రేహౌండ్ల గురించి తెలిసిన డాక్టర్ కావాలి. ఈ విషయంలో నేను బాగా మండిపడి ఉన్నాను. చిట్టి తొడల వెనక జుట్టు పల్చగా ఉండేది, రేసు కుక్కల్లో చాలావాటికి అలాగే ఉంటుంది. దాన్ని చూసి ఒక క్లినిక్‌లో థైరాయిడ్ పరీక్ష రాశారు, తక్కువొచ్చింది, జీవితాంతం మాత్రలు వాడాలన్నారు. గ్రేహౌండ్లలో టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ సహజంగానే మిగతా జాతుల కంటే తక్కువ ఉంటుంది! ఆ తక్కువే దీనికి మామూలు. ఇంకో డాక్టర్ దగ్గరకు వెళ్తే ఆ మాత్రలు అక్కర్లేదని ఆపేశారు. రక్తపరీక్ష మొత్తం ఇంతే. ఎర్రకణాల శాతం మామూలు కుక్కల్లో 37 నుంచి 55 దాకా ఉంటే వీటిలో 50 నుంచి 65 దాకా ఉంటుంది. ప్లేట్‌లెట్లు తక్కువుంటాయి. కండ ఎక్కువ కాబట్టి, కిడ్నీల పరీక్షలో చూసే క్రియాటినిన్ కాస్త ఎక్కువుంటుంది. జాతి సంగతి తెలియనివాళ్లు రిపోర్టు చూస్తే నిండు ఆరోగ్యంగా ఉన్న కుక్కను మూడు జబ్బుల పేషెంట్‌ను చేసేస్తారు. (ఆ ఎర్రకణాల పుణ్యమా అని కుక్కల రక్తదానానికి మాత్రం వీటికి మంచి గిరాకీ.)

మత్తు మందు విషయంలో ఇంకా జాగ్రత్త. థయోపెంటోన్ లాంటివాటిని వీటి లివర్ త్వరగా అరిగించుకోలేదు, కుక్క లేవడానికి చాలాసేపు పడుతుంది. ఇప్పుడు వేరే మందులున్నాయి, కానీ మనం నోరు తెరిచి అడగాలి. ఆపరేషన్ బాగానే అయిందని ఇంటికి తెచ్చుకున్నాక, ఒకటి రెండు రోజులకు రక్తం కారడం కూడా ఈ జాతిలో ఉంది. పళ్లు త్వరగా పాడవుతాయి, రోజూ బ్రష్ చేయాలి, అవును, కుక్కకు. రోడ్డు మీద కుంటుతూ గడ్డి మీద బాగానే నడుస్తుంటే, అరికాలి మెత్తల్లో ఆనికాయ ఉందేమో చూడాలి. పెద్దయ్యాక ఉన్నట్టుండి కాలు కుంటితే మాత్రం ఆలస్యం చేయకూడదు, ఎముక క్యాన్సర్ వీటిలో ఎక్కువ.

"ఇంత తలనొప్పి ఎందుకు, హాయిగా ఒక ల్యాబ్రడార్ తెచ్చుకోకపోయారా" అనేవాళ్లకు ఒకటే జవాబు. ఎవరో ఒకరు తెచ్చుకోవాలి కాబట్టి. రేసు కుక్కలకు ట్రైనింగ్ పేరుతో బతికున్న జంతువులను ఎరగా కట్టడాన్ని 2015లో ఇక్కడి ఏబీసీ టీవీ బయటపెట్టింది. 2016లో పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) మైక్ బెయర్డ్ రేసులనే నిషేధిస్తానన్నారు, మూడు నెలలకే వెనక్కి తగ్గారు. కాన్‌బెరా ప్రాంతంలో 2018లో ఆపేశారు. ఫ్లోరిడా జనం అదే ఏడాది ఓటేసి 2020 చివరికల్లా ఆపించుకున్నారు. న్యూజీలాండ్ ప్రభుత్వం కూడా 2024 డిసెంబర్‌లో ఆపేస్తామని ప్రకటించింది. ఇక్కడ మాత్రం పందేలు నడుస్తూనే ఉన్నాయి, ట్రాకులు కుక్కలను బయటికి పంపిస్తూనే ఉన్నాయి. మన వాళ్లలో వీకెండ్‌కు ఫోన్లో బెట్టింగ్ కాసేవాళ్లు ఎవరెవరో నాకు తెలుసు. వాళ్లే మా ఇంటికొచ్చి "పాపం బక్కగా ఉందండీ" అంటారు చూడండి, అప్పుడు మాత్రం నాకు నిజంగా బీపీ పెరుగుతుంది.

హైదరాబాద్ నుంచి మెసేజ్ పెట్టిన తమ్ముడికి: మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో కట్టేసి, గెస్టులకు చూపించడానికి గ్రేహౌండ్ కావాలన్నావు. వద్దు నాన్నా. ఇది కట్టేసి ఉంచే కుక్క కాదు, కాపలా కుక్క అంతకంటే కాదు. దొంగొస్తే సోఫాలో కాస్త పక్కకు జరిగి చోటిస్తుంది. సన్నటి ఒళ్లు, పొడవు కాళ్ల కుక్కే కావాలంటే పక్కనే కర్ణాటకలో ముధోల్ ఉంది, ఆ ఊరి కుక్కలు మన ఎండకు అలవాటు పడ్డవి. అయితే అవీ వేట జాతే, వాటికీ పరుగు పిచ్చి ఉంటుంది, తీగల కంచె ఒక లెక్క కాదు. ఇంట్లో, మనుషుల మధ్య ఉంచుకుంటానంటేనే ఆలోచించు.

ఆదివారం భోజనానికి వస్తున్నవాళ్లు అందరూ సైడ్ గేటు వాడకండి, ముందు తలుపు దగ్గర బెల్ కొట్టండి. పిల్లలు లోపలికి వచ్చాక వెనక తలుపు గడియ పడిందో లేదో ఒకసారి చూడండి. చిట్టి మీ దగ్గరికొచ్చి ఒళ్లంతా మీ కాలికి ఆనించి నిలబడితే భయపడకండి, పళ్లు టకటకలాడిస్తే అస్సలు భయపడకండి, అది దానికి సంతోషం. చెవుల వెనక గోకండి. చేతిలో ప్లేటు మాత్రం కాస్త పైకెత్తి పట్టుకోండి, దాని మూతి సరిగ్గా డైనింగ్ టేబుల్ ఎత్తుకు వస్తుంది.