గుమ్మపాలు సరే, మాయ సంగతేంటి?

మళ్లీ వచ్చింది ఆ మెసేజి. మొన్న మేనమామ పంపాడు, నిన్న అపార్ట్‌మెంట్ గ్రూపులో పడింది, ఇవాళ కాలేజీ స్నేహితుల వంతు. "కాచిన పాలు చచ్చిన పాలు! పచ్చిపాలే అమృతం! పదిమందికీ పంపండి." పంపినవాళ్లలో సగంమంది ఇంట్లో వాడేది ప్యాకెట్ పాలే. డెయిరీవాళ్లు వాటిని 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసే పంపుతారు. అంటే వీళ్ల అమృతం గడప తొక్కకముందే చచ్చింది.

కాస్తే సత్తువంతా పోతుందట. సి విటమిన్, ఇంకొన్ని విటమిన్లు కొంత తగ్గుతాయి, నిజమే. సి విటమిన్ కోసం పాలు తాగేవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. కాల్షియం, మాంసకృత్తులు ఎక్కడికీ పోవు.

పూర్వీకులు గుమ్మపాలే తాగారట. కొందరు తాగారు. అదే పూర్వీకుల ఇళ్లలో పిడకల దాలి మీద పాలకుండ పొద్దస్తమానం కాగుతూ, ఎర్రటి మీగడ కట్టేది. కాచకుండా తోడు పెట్టిన బామ్మ ఎవరైనా ఉంటే చెప్పండి.

దేశీ ఆవుకు జబ్బులు రావట. పశువులు ఈసుకుపోయేలా చేసి, పచ్చిపాల ద్వారా మనుషులకూ జ్వరం అంటించే బ్రూసెల్లా క్రిమి మూపురం చూసి దణ్ణం పెట్టి వెనక్కి పోదు.

బ్రూసెల్లా అన్న పేరే మందుల కంపెనీలు ఈమధ్య పుట్టించాయట. 1887లో మాల్టా దీవిలో జ్వరంతో చనిపోయిన సైనికుల ప్లీహంలో డేవిడ్ బ్రూస్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు ఈ క్రిమిని పట్టుకున్నాడు. అది మేకపాల నుంచి వస్తోందని 1905లో జమిట్ అనే అక్కడి వైద్యుడి పరీక్షల్లో తేలింది. మరుసటి ఏడు సైనికులకు మేకపాలు ఆపేస్తే జ్వరాలు పడిపోయాయి. ఏ కంపెనీ మాత్రా అమ్ముడుపోలేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. అయిదో పాయింటు దగ్గర నాకు ఒళ్లు మండింది: "గేదె ఈసుకుపోతే దిష్టి తగిలినట్టు. మాయ పడకపోతే చేత్తో లాగేసి పసుపు నీళ్లతో కడుక్కోండి, డాక్టరు ఖర్చు దండగ."

ఈసుకుపోవడమంటే నెలలు నిండకముందే దూడ పడిపోవడం, మాయంటే దూడ వెనకాల పడే పొర. ఏడో నెల దాటాక చూడి గేదె ఈసుకుపోయిందంటే మొదట అనుమానించాల్సిన వాటిలో బ్రూసెల్లా ఒకటి. ఆ మాయలో, ఉమ్మనీటిలో క్రిములు కోట్లకు కోట్లు. రైతు మోచేతి దాకా చెయ్యి పెడతాడు. గడ్డి కోసిన చేతులకు గాట్లు ఉండనే ఉంటాయి. లాగిన మాయను పెంటమీద పడేస్తే కుక్క ఈడ్చుకెళ్లి పక్కవాళ్ల కొట్టం ముందు తింటుంది. ఆయన పసుపు నీళ్లు పోసుకుని బీడీ వెలిగిస్తాడు. అయిపోయింది, రెండు కొట్టాలకూ, ఒక మనిషికీ పంపకం పూర్తి. ఆ గేదె మర్నాటి నుంచి నిక్షేపంగా కనిపిస్తుంది, పాలలో మాత్రం క్రిములు వస్తూనే ఉంటాయి. ఆ పాలే పచ్చిగా తాగమంటున్నారు మహానుభావులు!

చేతికి తొడుగు వేసుకుని పశువుల డాక్టరు తియ్యాలి. మాయనూ, చచ్చిన దూడనూ లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. దీనికయ్యే ఖర్చు ఎంత?

బ్రూసెల్లా టీకా వేస్తే పెయ్యలు గొడ్డుపోతాయన్నది మరొకటి. 4 నుంచి 8 నెలల పెయ్యదూడకు ఒక్కసారి వేస్తారు, 2019లో మొదలైన కేంద్ర పథకంలో ఉచితం. అయితే ఇది బతికున్న క్రిమితో చేసే టీకా. చూడి పశువుకు వేస్తే ఈసుకుపోవచ్చు, వేసేవాడికి సూది గుచ్చుకుంటే అతనికీ జబ్బు రావచ్చు. కాబట్టి టీకా అంటే భయం ఊరికే పుట్టిందనను. వయసు చూసి వేయించుకోండి.

చివర్లో "నెలల తరబడి జ్వరం ఉన్నా ఏం జబ్బో డాక్టర్లకే తెలియదు" అని ఉంది. ఇది మాత్రం చాలావరకు ఒప్పుకుంటాను. బ్రూసెల్లా సోకిన మనిషికి సాయంత్రమయ్యేసరికి జ్వరం, రాత్రి చెమటలు, నడుమూ కీళ్లూ పీకుడు. టైఫాయిడ్ అని వారం మాత్రలిస్తారు, తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది. దీనికి రెండు రకాల మందులు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి. కానీ "ఇంట్లో గొడ్డూగోదా ఉన్నాయా?" అని అడిగే డాక్టరు అరుదు. అడక్కపోయినా మీరే చెప్పండి, గేదె ఈసుకుపోయిందనీ, మాయ మీరే తీశారనీ. పసుపు నీళ్లతో కడుక్కున్నామని కూడా చెప్పండి, ఆయనా కాసేపు నవ్వుకుంటాడు.