లిలీ బార్ట్ పద్దులు ఎవరైనా కూడి చూశారా?

అమెరికన్ రచయిత్రి ఈడిత్ వార్టన్ నవల 'ద హౌస్ ఆఫ్ మర్త్' గురించి మనవాళ్లు ఏం రాసినా తిరిగి తిరిగి రెండు మాటలకే వస్తారు. కథానాయిక లిలీ బార్ట్ డబ్బుపిచ్చిది. లేదంటే, మిత్రుడు సెల్డెన్‌తో ప్రేమ పండక రాలిపోయిన అభాగ్యురాలు. 1905లో వచ్చిన ఈ నవలలో కన్నీళ్లకంటే అంకెలే ఎక్కువ. వాటిని మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఒక చిత్తుకాగితం దగ్గర పెట్టుకుని చదవండి, కథ వేరేగా కనిపిస్తుంది.

మొదటి పద్దు బెలమాంట్‌లో, ట్రెనార్ దంపతుల బంగళాలో. అతిథిగా వెళ్తే బ్రిడ్జి ఆడాలి, అదీ డబ్బు పెట్టి. రాత్రి గదికొచ్చి చూసుకుంటే పర్సులో 20 డాలర్లు మిగిలాయి, పోయింది 300. తిండీ పడకా ఊరికే వస్తాయి గానీ పేకాటకీ, నౌకర్ల బక్షీసులకీ, మంచి దర్జీ కుట్టిన గౌన్లకీ తనే పెట్టుకోవాలి. గొప్పింటి చుట్టరికం ఎంత ఖరీదో తెలిసినవాళ్లకి ఇది కొత్తగా చెప్పాలా!

లిలీకి ముందుచూపు లేదనేవాళ్లు మేనత్త పెనిస్టన్ గురించిన వాక్యాలు దాటేసినట్టున్నారు. నెలకింత అని ఖాయం చేస్తే బాగుండునని లిలీ అనుకుంటుంది. మేనత్త మాత్రం తోచినప్పుడే చెక్కు ఇస్తుంది, ఇచ్చినప్పుడల్లా మేనకోడలి కృతజ్ఞత కొత్తగా అందాలి కదా. డబ్బు ఎప్పుడొస్తుందో, ఎంతొస్తుందో తెలియని మనిషి లెక్క ప్రకారం ఎలా బతుకుతుంది?

ఆ సందులోంచే గస్ ట్రెనార్ దూరతాడు. నీ డబ్బు షేర్లలో తిప్పుతున్నాను, ఇదిగో లాభం అంటూ చెక్కులు ఇస్తాడు. అంతా కలిపి 9,000 డాలర్లు. తర్వాత భార్య ఊళ్లో లేని రాత్రి, ఆమె పేరు మీదే కబురు పెట్టి ఇంటికి రప్పించి, వసూలుకు దిగుతాడు. లాభం అనుకున్నది అప్పని లిలీకి అప్పుడు బోధపడుతుంది. మేనత్త ఆస్తిలో సింహభాగం బంధువు గ్రేస్ స్టెప్నీకి రాసి లిలీకి వదిలింది 10,000. అప్పు 9,000, ఆస్తి 10,000. వార్టన్ ఈ అంకెలు ఊరికే ఇంత దగ్గర దగ్గరగా పెట్టలేదు.

గొప్పిళ్ల తలుపులు మూసుకున్నాక టోపీల దుకాణంలో పనికి కుదిరితే తళుకులు వంకరగా కుడుతోందని మేస్త్రీ తిడుతుంది. సూది పట్టడం ఆమెకు ఎవరు నేర్పారు గనక? చేతిలో ఉన్న అసలు ఆస్తి ఒక్కటే: లిలీ పరువు తీసిన గొప్పింటి ఇల్లాలు బెర్తా డార్సెట్ ఒకప్పుడు సెల్డెన్‌కు రాసిన ఉత్తరాలు. అవి చూపించి బెర్తాను లొంగదీసుకో, నేను పెళ్లి చేసుకుంటానని ధనిక వ్యాపారి రోజ్‌డేల్ దారి కూడా చెప్తాడు. లిలీ వాటిని సెల్డెన్ గదిలోని చలిమంటలోనే పడేస్తుంది. ఆయనగారికి తెలియను కూడా తెలియదు. డబ్బు నుంచి విముక్తి అంటూ ఉపన్యాసాలిచ్చే ఈ పెద్దమనిషికి లాయరు వృత్తీ ఉంది, సొంతంగా గదులూ ఉన్నాయి.

వార్టన్‌కూ మినహాయింపు ఇవ్వను. లెక్కలు దాచకుండా మాట్లాడే ఏకైక మనిషి రోజ్‌డేల్. అతన్ని యూదుడని అడుగడుగునా ఎద్దేవా చేయడం చదువుతుంటే ఇబ్బందిగానే ఉంటుంది. చివర్లో నెట్టీ అనే పేద శ్రామికురాలి వంటింట్లో పసిపాపను ఒళ్లోకి తీసుకునే ఘట్టంలో తీపి కాస్త ఎక్కువైంది. అయితే ఒకప్పుడు జబ్బుపడ్డ నెట్టీని ఆదుకున్నది లిలీ ఇచ్చిన విరాళమే, అది ట్రెనార్ చెక్కులు వస్తున్న రోజుల్లో ఇచ్చింది. ఆ వరస కలిసినప్పుడు వార్టన్‌కు దండం పెట్టాలనిపిస్తుంది.

ఆఖరి రాత్రి అత్త డబ్బు చేతికొస్తుంది. లిలీ ట్రెనార్‌కు చెక్కు రాసి, కవరు అంటించి, క్లోరల్ అనే నిద్రమందు మోతాదు పెంచి పడుకుంటుంది. పొద్దున్నే సెల్డెన్ వస్తాడు. బల్ల మీద ట్రెనార్ పేరున్న కవరు చూడగానే అనుమానం. చనిపోయిన మనిషి పక్కనే ఉంది, అయినా అనుమానమే. చెక్కుబుక్కు తిరగేసి కౌంటర్‌ఫాయిల్ మీది అంకె చదివాక గానీ ఆ ప్రేమికుడికి నమ్మకం కుదరలేదు.